ఆ పిల్లల ముందు ‘నేను చావను’ అని ఎలా చదవగలను?

ఒడిశాలోని రాయగడ నుంచి ఒక సహోదరి ఏడు పుటల ఉత్తరం రాశారు. పేరు, వీధి, సంఘం వెల్లడించవద్దని, లూథరన్ సంప్రదాయానికి చెందిన కుటుంబమని మాత్రం చెప్పవచ్చని అన్నారు. అందువల్ల ఉత్తరాన్ని కుదించి, ముఖ్యమైనవి చెడకుండా ఇక్కడ చెబుతున్నాను.

ఆమె వయసు నలభై రెండు. ఒడియా మాధ్యమ పాఠశాలలో ఉపాధ్యాయిని. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఆదివారం ఆరాధన ఒక వారం అందులో, ఒక వారం ఇందులో. అత్తగారు, భర్త, మరిది, మరిది పిల్లలిద్దరు ఒకే ఇంట్లో ఉంటారు. ఈమెకు సంతానం లేదు. గత సంవత్సరం వేసవిలో రొమ్ములో గడ్డ బయటపడింది. విశాఖపట్నంలో శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత మూడు వారాలకొకసారి రైలెక్కి వెళ్ళి కీమో ఎక్కించుకొని వచ్చేవారు. ప్రయాణానికి ముందు రాత్రి తోటికోడలు పెరుగన్నం, నిమ్మకాయ ఊరగాయ సర్ది, జుట్టు రాలిపోయిన ఆ తలకు తానే రుమాలు కట్టి, 118వ కీర్తన చదివి, ప్రార్థించి పంపేది. వర్షాకాలంలో ఆ తోటికోడలే నాలుగు రోజుల జ్వరంతో చనిపోయింది. మలేరియా మెదడుకు ఎక్కిందన్నారు. ఆ రోజున ఈమె ఆరో విడత కోసం విశాఖలో ఆసుపత్రి మంచం మీద ఉన్నారు. రక్తకణాలు పడిపోయినందున ప్రయాణం వద్దన్నారు. భూస్థాపనకు రాలేకపోయారు.

చికిత్స ముగిసి, జబ్బు ఆనవాళ్ళు లేవని వైద్యులు చెప్పారు. అత్తగారు తన మొక్కు ప్రకారం కృతజ్ఞతా కూడిక పెట్టి సంఘానికి భోజనం పెట్టాలంటున్నారు. ఆహ్వానపత్రిక మీద కీర్తన 118:17, అంటే “నేను చావను సజీవుడనై యెహోవా క్రియలు వివరించెదను” అనే వచనం వేయించి, ఈమె చేత సాక్ష్యం చెప్పించాలని భర్త అనుకుంటున్నారు. సంఘంలో ఒక పెద్దాయన “నీ విశ్వాసమే నిన్ను బతికించిందమ్మా” అని అందరి ముందూ అన్నారు. వేదాంత కళాశాలలో చదివిన బంధువు ఒకరు, ఈ కీర్తన పూర్వం ఏదో యుద్ధం గెలిచిన రాజు ఊరేగింపు పాట అని, క్రీస్తును అందులోకి తరువాతివాళ్ళు తెచ్చిపెట్టారని చెప్పారు. పాస్టరుగారేమో ప్రతి పంక్తీ క్రీస్తును గురించినదే అన్నారు. “రాజుదైతే నేను పరాయివాళ్ళ పాట దొంగిలించినట్టు, క్రీస్తుదైతే నాకంటూ అందులో ఏమీ మిగలనట్టు” అని ఈమె బాధ. వీటన్నిటికీ మించి, పదకొండేళ్ళ పాప ఒక రాత్రి అడిగిందట: “దొడ్డమ్మా, అమ్మ నీ కోసం ఆ కీర్తన చదివింది కదా, మరి అమ్మ కోసం ఎవరూ చదవలేదా?” ఆనాటి నుంచి నిద్ర పట్టడం లేదని, ఆ పిల్లల ముందు నిలబడి ఆ వచనం ఎలా చదవగలనని, కూడికే వద్దనడం దేవుని పట్ల కృతఘ్నత అవుతుందా అని ఈమె అడుగుతున్నారు.

సహోదరీ,

మీ ఉత్తరంలో నేను చాలాసేపు ఆగిపోయిన చోటు ఐదో పుట. తోటికోడలి బైబిలు తెరిస్తే, ఆ పదిహేడో వచనం పక్కన మార్జినులో పెన్సిల్‌తో “అక్కకు” అని, కింద మీ మొదటి విడత తేదీ కనిపించాయని రాశారు. మీ ప్రశ్నలన్నీ ఆ పెన్సిల్ రాత దగ్గరికే వస్తున్నాయి కనుక నేనూ దాన్ని మరచిపోకుండా మాట్లాడతాను.

ముందు ఆ పెద్దాయన మాట. ఆయన మనసులో చెడు లేకపోవచ్చు, కాని ఆ మాటను మీరు మోయనవసరం లేదు. “నీ విశ్వాసము నిన్ను స్వస్థపరచెను” అని యేసు అన్నది తన ఎదుట నిలబడిన మనిషితో. పక్కింట్లో చనిపోయినవారి విశ్వాసాన్ని తూచడానికి ఆయన ఆ మాటను ఎన్నడూ వాడలేదు. మీ జబ్బుకు కోతకు, మందులకు, మళ్ళీ మళ్ళీ చేసే పరీక్షలకు నెలల వ్యవధి దొరికింది. మీ ప్రాంతపు కొండల్లో కనిపించే ఫాల్సిపేరం మలేరియా మెదడుకు చేరితే గంటల లెక్కలోనే ప్రాణం తీయగలదు. ఒక రోగం గడువు ఇచ్చింది, ఇంకొకటి ఇవ్వలేదు. ఈ తేడాను ఇద్దరు స్త్రీల భక్తికి అంటగట్టడం అన్యాయం, అందులోనూ ప్రార్థించింది ఆమె, ప్రార్థన పొందింది మీరు అయినప్పుడు. కీర్తనకారుడు సైతం “నా విశ్వాసం నన్ను కాపాడింది” అని ఎక్కడా అనలేదు. నేను పడేటట్టు నన్ను గట్టిగా తోశారు, యెహోవా నాకు సహాయం చేశాడు అని మాత్రమే పదమూడో వచనంలో చెప్పాడు.

పద్దెనిమిదో వచనం గురించి మీరు అడగలేదు గాని, కూడికలో ఎవరో ఒకరు ఎత్తుతారు కనుక చెబుతున్నాను. “యెహోవా నన్ను కఠినముగా శిక్షించెను” అన్నది తన బతుకును గురించి తానే చెప్పుకోదగిన మాట. అక్కడి హెబ్రీ క్రియకు తండ్రి కొడుకును దిద్దడం అనే అర్థం ఉంది. అయినా దాన్ని పక్కవారి జబ్బు మీదికి, పక్కవారి చావు మీదికి విసిరే హక్కు ఎవరికీ లేదు. మీ గురించి మీరు కూడా అలా అనుకోవాలన్న బలవంతం లేదు.

ఇక పాట ఎవరిది అన్న ప్రశ్న. మీ బంధువూ పాస్టరుగారూ చెరొక కొస పట్టుకున్నారు. కీర్తనకు పైన పేరు లేదు, అది దావీదు రాసినదని మూలం చెప్పదు. ఇరవై తొమ్మిది వచనాల్లో ఒక “నేను” ఉన్నాడు. శత్రువులు చుట్టుముట్టగా బయటపడి, దేవాలయపు గుమ్మాల ముందుకొచ్చి, తలుపులు తీయండి అని అడిగి, జనంతో కలిసి బలిపీఠం దాకా నడుస్తాడు. అతడు రాజో సేనానో కావచ్చు, జనమంతటి తరఫునా మాట్లాడే ఒక గొంతు కావచ్చు. ఇంతవరకు మీ బంధువు మాటలో తప్పు లేదు, దాన్ని చూసి మనం జడుసుకోనక్కరలేదు. మనకంటే ముందు ఈ పాట ఇశ్రాయేలీయులది. ఐగుప్తు దాస్యం నుంచి విడుదలను తలచుకొనే పస్కా పండుగ రాత్రి నేటికీ యూదులు దీన్ని పాడుకుంటారు. ఆ సంగతి దాటవేసి నేరుగా క్రీస్తు దగ్గరికి దూకితే, క్రీస్తు సైతం యూదుడిగా ఆ పాట పాడాడన్న నిజాన్ని మనమే పోగొట్టుకుంటాం.

ఇక్కడ ఒక మాట విప్పి చెప్పాలి, ఎందుకంటే మీ కూడికకు అది నేరుగా తగులుతుంది. మన బైబిలులో “కృతజ్ఞతాస్తుతులు చెల్లించుడి” అని మొదలయ్యే ఈ కీర్తన హెబ్రీలో “హోదూ” అని మొదలవుతుంది. అదే ధాతువు నుంచి వచ్చిన నామవాచకం “తోదా”. ఈనాటి ఇశ్రాయేలులో అంగడివాడు చిల్లర చేతికిస్తే కొన్నవాడు అనే మాట కూడా “తోదా”యే. కాని పాత నిబంధనలో ఆ మాటకు ఒప్పుకోవడం అనే అర్థమూ ఉంది. యెహోషువ ఏడో అధ్యాయంలో ఆకాను దొంగతనం బయటపడినప్పుడు, దేవునికి “తోదా” ఇమ్మని యెహోషువ అంటాడు. అంటే చేసింది దాచకుండా చెప్పమని. కాబట్టి హెబ్రీయుల కృతజ్ఞత అంటే ముఖం మీద నవ్వు అతికించుకొని మంచి మాత్రమే చెప్పడం కాదు. జరిగింది జరిగినట్టు దేవుని యెదుట, జనం యెదుట చెప్పడం. అందుకే ఈ కీర్తన ఐదో వచనంలో ముందు “ఇరుకు” వస్తుంది, ఆ తరువాతే “విశాలస్థలము” వస్తుంది. మీ ఇరుకులో ఆరో విడత నాటి మంచం ఉంది, ఫోనులో వినిపించిన అత్తగారి ఏడుపు ఉంది, చూడలేకపోయిన సమాధి ఉంది. వాటిని పక్కకు తోసి చెప్పే సాక్ష్యం హెబ్రీ లెక్కలో కృతజ్ఞతే కాదు.

ఆ తోదాకు ఒక విందు కూడా ఉండేది. లేవీయకాండము ఏడో అధ్యాయం ప్రకారం కృతజ్ఞతార్పణపు మాంసాన్ని ఆ రోజే తినాలి, తెల్లవారేదాకా ఏమీ మిగల్చకూడదు, దానితో రొట్టెలు కూడా పెట్టాలి. ఒక పశువును ఒక ఇంటివాళ్ళు ఒక్క రోజులో తినలేరు. ఇరుగుపొరుగును, బంధువులను, బీదవారిని పిలవక తప్పదు. మీ అత్తగారి మొక్కు, అంటే అన్నం పెట్టడం, ఈ పాత వాడుకకు ఎంత దగ్గరగా ఉందో చూడండి. ఆమె మొక్కుకున్నది భోజనమే. పత్రిక మీది వచనం, మీరు నిలబడి చెప్పవలసిన సాక్ష్యం, ఈ రెండూ మొక్కులో లేవు. మీ భర్త సంతోషం కొద్దీ చేర్చినవి అవి. ఈ రెంటినీ విడదీసి చూస్తే మీ గుండె మీది బరువు సగం దిగుతుందని నా నమ్మకం.

ఇప్పుడు క్రీస్తు. కొత్త నిబంధన ఈ కీర్తనలో ప్రతి పంక్తినీ ఆయనకు అంటించలేదు. కొన్ని చోట్ల మాత్రం చాలా గట్టిగా పట్టుకుంది. మట్టలాదివారం నాడు మనం పాడే “హోసన్నా” ఇరవై ఐదో వచనంలోని “దయచేసి రక్షించుము” అనే హెబ్రీ మాటే. “యెహోవా పేరట వచ్చువాడు” దాని పక్కనే ఉన్న ఇరవై ఆరో వచనం. కృతజ్ఞతా కీర్తన నడిమధ్యలో మళ్ళీ రక్షించమనే మొర రావడం గమనించారా? బయటపడినవాడు ఇంకా భయపడుతూనే ఉన్నాడు, వందనాలు చెబుతూనే చెయ్యి చాస్తున్నాడు. మూడు నెలలకొకసారి పరీక్షకు వెళ్ళే ముందు రాత్రి మీకు కలిగే వణుకు అవిశ్వాసం అని మీరు రాశారు. అది ఆ ఇరవై ఐదో వచనమే.

రాయి వచనం మరింత స్పష్టం. “ఇల్లు కట్టువారు నిషేధించిన రాయి మూలకు తలరాయి ఆయెను” అన్న ఆ మాటను ద్రాక్షతోట కాపుల ఉపమానం ముగిశాక యేసే దేవాలయపు పెద్దల ముందు ఎత్తాడు. యూదుల న్యాయసభ అయిన మహాసభ ఎదుట పేతురు దాన్ని తిరిగి పట్టుకొని, మీరు సిలువ వేసినవాడే, దేవుడు లేపినవాడే ఆ రాయి అన్నాడు. అపొస్తలుల కార్యములు నాలుగో అధ్యాయంలో ఇది ఉంది. యూదు బోధకుల్లో ఆ రాయిని దావీదుగా చదివిన సంప్రదాయమూ ఉంది. ఇంట్లోవాళ్ళు లెక్కచేయని చిన్నవాడు రాజు కావడం అక్కడి పోలిక. అంటే ఒక మనిషి కథలో ఇంకొకరి కథను చూడడం క్రైస్తవులు కనిపెట్టిన దొంగచదువేమీ కాదు. ఈ కీర్తన మొదటినుంచీ అలాగే బతికింది. ఒక పక్కమాట: వాహనాల వెనుక, గోడ క్యాలెండర్ల మీద ఈ వచనం వేసి “నన్ను తోసేసినవాళ్ళ ముందు నేనే తలరాయినవుతాను” అన్నట్టు వాడడం నాకు మింగుడు పడదు. మూలరాయి రెండు గోడలను కలిపి పట్టాలి, అందుకే మేస్త్రీ దానికి రెండు ముఖాలు చెక్కి, సుత్తితో తట్టి, మోత విని మరీ ఎంచుకుంటాడు. ఆ చోటు ఒక్కరిదే. మనం ఆయనను ఆనుకొని కట్టబడే సజీవమైన రాళ్ళమని పేతురు తన మొదటి పత్రికలో అన్నాడు. ఆ వరుసలో మీరూ ఉన్నారు, మీ తోటికోడలూ ఉంది.

అసలు చెప్పవలసింది పస్కా రాత్రి గురించి. 113 నుంచి 118 వరకు ఉన్న ఆరు కీర్తనలను యూదులు హల్లేల్ అంటారు. పస్కా భోజనం ముందు కొన్ని, తరువాత కొన్ని పాడి, నాలుగో ద్రాక్షారసపు గిన్నె దగ్గర ముగించే క్రమం క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే యూదుల ధర్మనియమాల గ్రంథంలో ఉంది. చిట్టచివర వచ్చేది మీ కీర్తన. యేసు, శిష్యులు భోజనమయ్యాక “కీర్తన పాడి ఒలీవల కొండకు వెళ్లిరి” అని మత్తయి, మార్కు రాశారు. ఏ కీర్తనో వాళ్ళు చెప్పలేదు. కాని ఆ రాత్రి ఆ బల్ల దగ్గర పాడే పాట హల్లేల్ అని పూర్వం నుంచీ అనుకుంటున్నారు, నేనూ అలాగే అనుకుంటున్నాను. అదే అయితే, తాను పట్టుబడిన గెత్సేమనే తోటకు బయలుదేరే ముందు ఆయన నోట పలికిన చివరి పాటలో ఈ వచనం ఉంది: “నేను చావను సజీవుడనై.” మరునాటి సాయంత్రానికి ఆయన చనిపోయాడు.

సహోదరీ, ఈ ఒక్క సంగతి దగ్గర కాస్త ఆగండి. ఆ వచనాన్ని బతికి బయటపడినవాళ్ళ పాటగా మాత్రమే మీరు చదువుతున్నారు. అలా చదివితే అది మీ చేతిలో ఉంటుంది, ఆమె చేతిలోంచి జారిపోతుంది. అప్పుడు దాన్ని పిల్లల ముందు చదవడం నిజంగా క్రూరమే. కాని ఆ వచనాన్ని మన కంటే ముందు పాడినవాడు చావును తప్పించుకోలేదు, చావులోకి నడిచి వెళ్ళాడు. ఆ మాట నిజమైంది మూడో దినాన, సమాధి అవతల. అందువల్ల అది చావు తప్పినవారి గెలుపు కేక కాదు. చావు గడప మీద నిలబడి తండ్రిని నమ్మినవాడు పలికిన మాట. ఇవతల నిలిచినవాళ్ళూ అవతలికి వెళ్ళినవాళ్ళూ కలిసి పాడగల చోటు అందులో ఉంది. మీ తోటికోడలు మీ కోసం పెన్సిల్‌తో గీసిన మాట ఆమె విషయంలో అబద్ధం కాలేదు. క్రీస్తును ఈ కీర్తనలో చూడడం వల్ల మీకేమీ మిగలదని మీరు భయపడ్డారు. నాకు కనిపిస్తున్నది దానికి పూర్తిగా విరుద్ధంగా ఉంది. ఆయన లేకపోతే ఈ వచనం మీ ఇంట్లో ఒక్కరికే సరిపోతుంది.

మీది లూథరన్ కుటుంబం కనుక ఇది కూడా చెప్పాలి. 1882లో బ్రెక్లుమ్ నుంచి జర్మన్ మిషనరీలు మీ కోరాపుట్, జయపురం వైపు వచ్చినప్పుడు తెచ్చిన సంప్రదాయానికి మూలపురుషుడైన లూథర్ ఈ 118ని “నా కీర్తన” అని పిలుచుకున్నాడు. 1530లో కోబుర్గ్ కోటలో తలదాచుకొని ఉన్న నెలల్లో దీనికి వివరణ రాశాడు. ఈ పదిహేడో వచనాన్నే స్వరాలతో సహా గోడ మీద రాసుకున్నాడు. అదే సంవత్సరం మే 29న ఆయన తండ్రి చనిపోయాడు. జూన్ 5న ఆ కబురు కోటకు చేరింది. లూథర్ తన కీర్తనల పుస్తకం తీసుకొని గదిలోకి వెళ్ళి, మరునాడు తల పనిచేయనంతగా ఏడ్చాడని దగ్గరున్న శిష్యుడు ఆయన భార్యకు ఉత్తరం రాశాడు. వివరణ రాసిందీ ఆ వారాల్లోనే. “నేను చావను” అన్న మాటా, చచ్చిపోయిన తండ్రి కోసం ఏడుపూ ఒకే మనిషిలో ఇమిడాయి. మీరు ఏదో ఒకటి ఎంచుకోవాలని ఎవరూ అనలేదు.

ఇక కూడిక. ఇందులో నేను ఆజ్ఞ ఇవ్వలేను. ఇంటి వాతావరణం మీకు తెలుసు, నాకు ఉత్తరం మాత్రమే తెలుసు.

వద్దని ఆపేయవచ్చు. దేవుడు కోపగించుకోడు, అది కృతఘ్నత కాదు. ఇప్పటికి మీకు ఊపిరాడుతుంది. కాని అత్తగారి మొక్కు తీరక ఆమె కుములుతారు. మరో ప్రమాదం పిల్లల వైపు నుంచి ఉంది. అమ్మ చనిపోయింది కనుక ఈ ఇంట్లో ఇక ఎవరూ సంతోషించకూడదని, దొడ్డమ్మ బతికినందుకు సిగ్గుపడుతున్నదని వాళ్ళు మాటలు లేకుండానే నేర్చుకుంటారు. పదకొండేళ్ళ పిల్లకు అది చాలా బరువు. వాయిదా వేయడం వేరు. ఆమె చనిపోయి సంవత్సరం నిండి, సంస్మరణ కూడిక అయ్యాక దీన్ని పెట్టుకుందామంటే అత్తగారు సాధారణంగా కాదనరు.

భర్త అనుకున్నట్టే పెద్దగా చేయవచ్చు. ఆయన భార్య మృత్యువు నుంచి తిరిగి వచ్చింది, ఊరంతా వినాలనుకోవడం ఆయన తప్పు కాదు. ఆ మాట ఆయనతో అని, ఆ తరువాత మీ కష్టం చెప్పండి. కాని ఆ వచనం ఒంటరిగా పత్రిక మీద అచ్చయి ఇంటింటికీ వెళితే, దాన్ని మీ మరిది కూడా చేతిలోకి తీసుకుంటారు. చదివి, మడిచి, ఏమీ అనరు. మీ ఉత్తరమంతటిలో ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు, అది నన్ను కలవరపెడుతోంది. పత్రిక అచ్చుకు ఇవ్వడానికి ఇంకా రెండు వారాలుందన్నారు. అందరికంటే ముందు అడగవలసింది ఆయనను. మీరు కాకపోతే మీ భర్త, అన్నదమ్ములుగా, ఒక సాయంత్రం బయటికి నడుస్తూ అడగవచ్చు. ఆయన “పెట్టండి వదినా” అంటే ఒక దారి, మౌనంగా ఉంటే ఒక దారి. మౌనాన్ని సరే అని లెక్కించకండి.

మధ్యలో ఇంకొక పద్ధతి ఉంది, నా మొగ్గు దాని వైపే అని దాచను. భోజనం పెట్టండి, మొక్కు తీరుతుంది. పత్రిక మీద పదిహేడో వచనానికి బదులు మొదటి వచనం, “ఆయన కృప నిరంతరము నిలుచును” అన్నది వేయించండి. అది బతికినవారికీ పోయినవారికీ ఒకే విధంగా చెందుతుంది. సాక్ష్యానికి బదులు కీర్తన మొత్తం చదివించండి. ఇది ఒక్కరు నిలబడి చదవడానికి రాసినది కాదు. రెండు నుంచి నాలుగో వచనం దాకా ఇశ్రాయేలీయులు అందురు గాక, అహరోను వంశస్థులు అందురు గాక, యెహోవాయందు భయభక్తులుగలవారు అందురు గాక అని వంతులు పంచి ఉంది. ఒక గొంతు ఆగినచోట మరొక గొంతు అందుకుంటుంది. పదిహేడో వచనం దగ్గర మీ గొంతు పెగలకపోతే సంఘమంతా కలిసి చదువుతుంది, అది లోపం కాదు, కీర్తన స్వభావమే అది. ప్రార్థనలో ఆమె పేరు చెప్పించండి. మీ కోసం ఉపవాసముండి ప్రార్థించిందని, మేము అడిగినా ఆమె మాకు దక్కలేదని పాస్టరుగారిని దాపరికం లేకుండా చెప్పమనండి. దీనికీ ఒక మూల్యం ఉంది. కొందరు ఏడుస్తారు, మీ భర్త ఆశించిన సంతోషం తగ్గుతుంది, “కృతజ్ఞతా కూడికలో ఈ ఏడుపేమిటి” అనేవారూ ఉంటారు. ఆ మాట మీరు తట్టుకోగలరా లేదా చూసుకోండి. తట్టుకోలేననిపిస్తే ఇంటివరకే, పదిమందితో చేయండి.

పిల్లలను వేదిక మీద నిలబెట్టవద్దు, ఎవరు ఎంత ముద్దుగా అడిగినా సరే. పాప తనంతట తాను చదువుతానంటే ఒడియా గీతసంహితలోంచి నాలుగు వచనాలు చదవనివ్వండి. ఆఖరి నిమిషంలో వద్దంటే బలవంతపెట్టవద్దు.

నిద్ర గురించి రాసింది తేలిగ్గా తీసుకోకండి. తరువాతి పరీక్షకు వెళ్ళినప్పుడు మీ వైద్యురాలికి చెప్పండి. అంతవరకు ఆగలేకపోతే 14416కు ఫోను చేయండి. అది ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సంఖ్య, రాత్రిపూట కూడా పలుకుతుంది. కీర్తన చదవడమూ ఇదీ ఒకదానికొకటి అడ్డు కావు.

చివరగా పాప ప్రశ్న. “మరి అమ్మ కోసం ఎవరూ చదవలేదా?” అన్నదానికి పైన నేను రాసిన పస్కా రాత్రి సంగతి చెప్పకండి, ఇప్పుడు కాదు. నాయనమ్మ ఆ నాలుగు రోజులూ మంచం పక్కనే మోకరించి ఉన్నారని మీరే రాశారు. అది చెప్పండి. నేను విశాఖలో ఉన్నాను, రాలేకపోయాను, ఆ రాత్రి నేనూ అడిగాను, ఎందుకు దొరకలేదో నాకు తెలియదు అని చెప్పండి. తెలియదన్న మాట పెద్దవాళ్ళ నోట వింటే పిల్లలు అనుకున్నంతగా బెదరరు. ఆ బైబిలు ఇప్పుడు మీ బీరువాలో ఉందన్నారు, అది ఆ పిల్లది. ఇచ్చేటప్పుడు ఆ పుట మీరే తెరిచి “అక్కకు” అన్న రాత చూపించండి. పెన్సిల్ చెరిగిపోతుందేమోనని దాని మీద పెన్నుతో దిద్దకండి. ఆ అక్షరాలు ఆమె చేతివి.